పైకప్పు ఉన్న స్పోర్ట్స్ కారా, తెరుచుకునేదా: వరంగల్ వైపు ఉండేవారు ఎలా తేల్చుకోవాలి

స్పోర్ట్స్ కారు కొనడానికి డబ్బు సమకూరిన తరువాత మిగిలే పెద్ద ప్రశ్న పైకప్పు గురించినదే. ఒకే రకం ఇంజను, ఒకే ముఖం ఉన్న కారును కంపెనీలు తరచుగా రెండు రూపాల్లో అమ్ముతాయి. పైకప్పు శాశ్వతంగా బిగించి ఉండే దానిని కూపే అంటారు. పైకప్పు మడతపడి సీట్ల వెనక్కి వెళ్లిపోయే దానిని కన్వర్టిబుల్ అని, క్యాబ్రియోలే అని, రెండు సీట్లదైతే రోడ్‌స్టర్ అని పిలుస్తారు. పోర్షే 911లో రెండు రూపాలూ ఉన్నాయి. అదే కంపెనీ వారి 718లో కప్పు ఉన్నదాని పేరు కేమన్, కప్పు తెరుచుకునే దాని పేరు బాక్‌స్టర్. బీఎండబ్ల్యూ జెడ్4 తాజా తరం తెరుచుకునే రూపంలోనే వచ్చింది.

ఈ రెండింటి మధ్య ఊగిసలాడుతూ హనుమకొండ, వరంగల్, కరీంనగర్, ములుగు వైపు నివసించేవారి కోసం ఇది రాస్తున్నాను. కారును హైదరాబాద్ షోరూంలోని ఏసీ గదిలో చూసి ముచ్చటపడతాము, కానీ అది బతకవలసింది మన వీధిలో, మన ఎండలో, మన దుమ్ములో. అందువల్ల కింద చెప్పిన పనులను అదే వరుసలో చేయమని, అవి పూర్తయ్యేదాకా బుకింగ్ డబ్బు కట్టవద్దని నా మనవి.

మొదట, కప్పు తీసి నడపగలిగే గంటలను లెక్కపెట్టండి

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకొని, ఇప్పుడు మీ దగ్గరున్న కారులో చేసే ప్రతి ప్రయాణాన్నీ నెల రోజుల పాటు రాయండి. బయలుదేరిన సమయం, వెళ్లిన దారి, పక్కన ఎవరున్నారు, వాతావరణం ఎలా ఉంది అన్న నాలుగు వివరాలు చాలు. ప్రతి ప్రయాణానికీ ఎదురుగా, ఆ సమయంలో తలపై కప్పు లేకపోతే హాయిగా ఉండేదా, లేదా అన్నది నిజాయితీగా గుర్తు పెట్టండి. తరువాత మిగిలిన నెలలకు అదే లెక్కను అంచనాగా వేయండి, ఎందుకంటే డిసెంబరులో రాసిన పుస్తకం చెప్పే మాట వేరు, మే నెలలో రాసిన పుస్తకం చెప్పే మాట వేరు.

మన క్యాలెండరు ఇందులో నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. మార్చి మధ్య నుంచి తొలకరి పడేదాకా పగటిపూట కప్పు తీసే ఆలోచనే వదులుకోవాలి. మే నెలలో 42, 43 డిగ్రీల ఎండ ఇక్కడ మామూలు, రామగుండం వైపు 45 దాటే రోజులూ ఉంటాయి. ఆ ఎండలో కప్పు తీసి సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే స్టీరింగ్ పట్టుకోలేరు, తోలు సీటుకు వీపు ఆనించలేరు, ఏసీ గాలి ముఖానికి చేరేలోపే చెదిరిపోతుంది, పక్కన కూర్చున్న పెద్దవారికి వడదెబ్బ తగిలే ప్రమాదం కూడా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన ఎప్పుడు వస్తుందో చెప్పలేము. 2023 జూలై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన ప్రాంతం మనది. అయినా వానాకాలాన్ని పూర్తిగా కొట్టివేయవద్దు. వాన వెలిసి, దుమ్ము అణిగి, చెట్లు కడిగినట్టుగా ఉండే సాయంత్రం గంట సేపు కప్పు తీసి నడపడానికి చలికాలం ఉదయం కంటే ఏమాత్రం తక్కువ కాదు.

అసలు ఋతువు మాత్రం అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉంటుంది. ఒక డిసెంబరు తెల్లవారుజామున మిత్రుడి కన్వర్టిబుల్‌లో హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడి దాకా వెళ్లాను. అది దాదాపు 70 కిలోమీటర్ల దారి. కిటికీ అద్దాలు పైకి ఎత్తి, హీటర్ గాలిని కాళ్ల వైపు మళ్లించుకుంటే చలి బాధించలేదు. కోసిన వరి పొలాల వాసన, పొయ్యి పొగ, ములుగు దాటిన తరువాత అడవి చల్లదనం ఒకదాని వెనుక ఒకటి నేరుగా తగిలాయి. ఎన్నోసార్లు వెళ్లిన దారే అయినా, మూసిన కారులో వెళ్లినప్పుడు వాసనలతో ఆ దారిని ఎన్నడూ గుర్తుపెట్టుకోలేదు. ఓపెన్ టాప్ కారు ఇచ్చేది ఇదే. ఇది మీకు ఏడాదికి ఎన్ని ఉదయాలు దొరుకుతుందో ఆ నోటుపుస్తకం చెబుతుంది.

నా లెక్కలో పది ప్రయాణాల్లో కనీసం మూడింటికి అనుకూలమైన గుర్తు పడితే ఓపెన్ టాప్ గురించి గట్టిగా ఆలోచించవచ్చు. తెల్లవారుజామున లేచే అలవాటు లేనివారు, కారు తీసేది ఆఫీసు వేళల్లోనే అయినవారు ఈ మెట్టు దగ్గరే కూపే వైపు తిరగడం మంచిది.

మీ దారిలో ఏమి ఎగురుతుందో చూడండి

గంటలు సరిపోయినా దారి సరిపోకపోవచ్చు. కరీంనగర్ వైపు రోడ్ల మీద గ్రానైట్ దిమ్మెలతో లారీలు వెళుతుంటాయి, భూపాలపల్లి, రామగుండం, మంచిర్యాల వైపు బొగ్గు లారీలు ఉంటాయి. వాటి వెనుక అయిదు నిమిషాలు నడిపితే లేత రంగు తోలు సీట్లపై వేలితో గీత గీయవచ్చు. మిర్చి సీజనులో ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కప్పు తీసి తిరగడం కళ్లకూ గొంతుకూ శిక్షే. యాసంగి కోతలప్పుడు, వానాకాలం కోతలప్పుడు రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. వాటిని తూర్పారబట్టేటప్పుడు లేచే పొట్టు నేరుగా మీ ఒడిలో పడుతుంది. ఆ రైతుకు ఆరబెట్టుకునే కల్లం లేక రోడ్డెక్కాడు కాబట్టి, అక్కడ నెమ్మదిగా నడిపి కప్పు మూసుకోవలసింది మనమే.

పట్టణంలో మూసి, ఊరు దాటాక తెరవడం అనే అలవాటు ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తుంది. కాబట్టి నడుస్తూ ఉండగానే కప్పు కదులుతుందా అన్నది తప్పకుండా అడగండి. జెడ్4 గుడ్డ కప్పు గంటకు 50 కిలోమీటర్ల వేగం వరకు నడుస్తూనే 10 సెకన్లలో తెరుచుకుంటుంది. 911 క్యాబ్రియోలే కప్పు కూడా 50 కిలోమీటర్ల వేగం వరకు పనిచేస్తుంది. బండి పూర్తిగా ఆపితే తప్ప కప్పు కదలని కారును లారీల మధ్య నడిపేవారు కొనకూడదు.

కారు నిద్రపోయే చోటును పరీక్షించండి

అన్నింటికంటే ఎక్కువ మంది మరిచిపోయేది ఇదే, కొన్న తరువాత ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. కారు రోజులో రెండు గంటలు తిరిగితే మిగిలిన ఇరవై రెండు గంటలు నిలబడే ఉంటుంది.

మొదటి శత్రువు కోతి. హనుమకొండ కాలనీల్లో, పల్లెల్లో కోతుల మందలు ఇళ్ల మీద, కార్ల మీద ఎలా తిరుగుతాయో మీకు తెలుసు. రేకు కప్పు మీద కోతి దూకితే సొట్ట పడవచ్చు, గీత పడవచ్చు, పెయింటరు దానిని సరిచేస్తాడు. గుడ్డ కప్పును గోళ్లతో చింపితే లేదా అంచున ఉన్న రబ్బరును పీకితే అతుకు వేయడం కుదరకపోవచ్చు. మొత్తం గుడ్డను మార్చవలసి వస్తే ఇటువంటి దిగుమతి కార్లలో ఖర్చు లక్షల్లోకి పోతుంది. రెండో శత్రువు ఎలుక. మడతల్లో గూడు కట్టడానికి దానికి అంతకంటే మెత్తని చోటు దొరకదు.

మూడోది మనం నీడ కోసం వెతుక్కునే వేపచెట్టు. గుడ్డ కప్పు చుట్టూ వాన నీరు దిగిపోవడానికి సన్నని కాలువలు, వాటి చివర గొట్టాలు ఉంటాయి. వేపాకు, వేపపూత, దుమ్ము కలిసి ముద్దగా మారి ఆ రంధ్రాలను మూసేస్తే, నీరు పక్కకు పొంగి సీట్ల కింద కార్పెట్‌లోకి చేరుతుంది. కొన్ని కార్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టెలు సీటు కిందే ఉంటాయి. అవి తడిస్తే తాళం దగ్గర నుంచి సీటు మోటారు దాకా ఏదైనా పనిచేయకుండా పోవచ్చు. అందువల్ల చెట్టు కిందే నిలపక తప్పనివారు తొలకరికి ముందు ఒకసారి, వానాకాలంలో నెలకొకసారి ఆ రంధ్రాలను శుభ్రం చేయాలి. ఇనుప తీగ పొడిస్తే లోపలి గొట్టం చీలిపోతుంది, కనుక మెత్తని ప్లాస్టిక్ తీగనే వాడాలి.

నాలుగోది వాటర్ సర్వీసింగ్. మన దగ్గర కారు కడగడమంటే ప్రెషర్ గన్‌తో కొట్టడమే. గుడ్డ కప్పుకు, దాని కుట్లకు, కిటికీల పైన ఉండే రబ్బరు అంచులకు ఆ ధార పనికిరాదు. నేను చూస్తుండగానే ఒకచోట కుర్రవాడు అలవాటుగా అంచుకే గురిపెట్టి కొట్టాడు, నీరు లోపలికి వచ్చి స్పీకర్ల దాకా తడిపింది. తప్పు అతనిది అనలేను, అది వేరే రకం కప్పు అని అతనికి ముందే చెప్పవలసింది మేమే. గుడ్డ కప్పును మెత్తని బ్రష్‌తో, చల్లని నీటితో, కంపెనీ సూచించిన ద్రవంతో ఇంటి దగ్గరే కడగాలి. తడి పూర్తిగా ఆరేదాకా మడవకూడదు, తడిగా మడిచి వారం రోజులు వదిలేస్తే బూజు మచ్చలు పడతాయి. నీరు గుడ్డపై ముత్యాల్లా జారడం మానేసినప్పుడు, అంటే గుడ్డ నీటిని పీల్చుకుంటున్నట్టు కనిపించినప్పుడు, మళ్లీ వాటర్‌ప్రూఫ్ పూత వేయాలి.

కాబట్టి ఈ పరీక్ష ఇలా చేయండి. మీ కారు నిలిచే చోట ఉదయం, మధ్యాహ్నం, రాత్రి కాసేపు నిలబడి, ఎండ ఎటు పడుతుందో, పైన ఏ చెట్టు ఉందో, ప్రహరీ మీది నుంచి కోతి దూకగలదో లేదో చూడండి. తలుపు వేసుకునే గ్యారేజీ ఉంటే ఓపెన్ టాప్‌కు అభ్యంతరం లేదు. మూడు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు అయితే జాలీ వేయించిన తరువాతే కారు తెచ్చుకోండి. వీధిలోనే నిలపాలంటే, మిగతా మెట్లన్నీ అనుకూలంగా ఉన్నా సరే, కూపే తీసుకోండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతున్నాను.

కప్పు పోతే కారు శరీరానికి ఏమవుతుందో తెలుసుకోండి

మూత ఉన్న అట్టపెట్టెను రెండు చేతులతో మెలితిప్పి చూడండి, గట్టిగా నిలబడుతుంది. మూత తీసి తిప్పండి, సులువుగా మెలిపడుతుంది. కారు కూడా అంతే. కూపేలో పైకప్పు ఎండకు అడ్డు మాత్రమే కాదు, ముందు వెనుక భాగాలను కలిపి పట్టుకునే దూలం. దానిని తీసేసినప్పుడు ఆ బిగువును తిరిగి తేవడానికి కంపెనీలు తలుపుల కింది గుమ్మాలను, ముందు అద్దం పక్కన ఉండే స్తంభాలను దృఢం చేసి, అడుగున అడ్డకమ్మీలు కలుపుతాయి. కారు బోల్తా పడితే తలలను కాపాడటానికి సీట్ల వెనుక ఉక్కు వంపులు కూడా పెడతాయి. వీటికి కప్పు మోటార్లు తోడై బరువు పెరుగుతుంది. 2019లో వచ్చిన తరం 911 కరేరాలో కూపే బరువు 1,505 కిలోలు, క్యాబ్రియోలే బరువు 1,575 కిలోలు. అంటే ఒక మనిషిని ఎప్పుడూ వెంట తీసుకువెళ్లినంత తేడా.

అన్ని కార్లలో ఇలాగే ఉంటుందని అనుకోవద్దు. బాక్‌స్టర్‌ను 1996లో తెరుచుకునే కారుగానే తీసుకువచ్చారు, దాని నుంచి పుట్టిన కేమన్ 2005లో వచ్చింది. 718 తరంలో మాన్యువల్ గేరు ఉన్న మామూలు రూపాలు రెండింటి బరువూ 1,335 కిలోలే. మొదటి నుంచి కప్పు లేకుండా గీసిన కారుకు, తరువాత కప్పు కోసిన కారుకు తేడా ఇక్కడ కనిపిస్తుంది. మీరు చూస్తున్న కారు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో ముందే తెలుసుకోండి.

గుడ్డ కప్పుకు బదులు రేకు కప్పే ముక్కలుగా మడతపడే కార్లు కూడా ఉన్నాయి. 2009లో వచ్చిన జెడ్4 అలాంటిదే, దాని తరువాతి తరంలో బీఎండబ్ల్యూ వారు తిరిగి గుడ్డకే వచ్చారు. పాత కార్లలో వెతికేవారికి, కోతుల భయం ఉన్నవారికి ఆ రేకు మడత ఒక మధ్యేమార్గం. కాకపోతే అది బరువు ఎక్కువ, డిక్కీని ఎక్కువగా ఆక్రమిస్తుంది, చెడితే బాగుచేయడం చిక్కు.

రెండింటినీ ఒకే దారిలో, ఒకే రోజున నడపండి

టెస్ట్ డ్రైవ్ కోసం హైదరాబాద్ వెళ్లక తప్పదు. వెళ్లేటప్పుడు ఏప్రిల్ మధ్యాహ్నం ఎంచుకోండి, షోరూం వారు సాయంత్రం రమ్మన్నా మధ్యాహ్నమే కావాలని అడగండి. ఎండలో గంట సేపు నిలిపిన కన్వర్టిబుల్‌ను కప్పు మూసి ఉంచి నడిపి, ఏసీ ఎంతసేపటికి లోపలి వేడిని దించుతుందో గడియారం పెట్టి చూడండి. తరువాత అదే పని కూపేతో చేయండి. ఈ తేడా ఏడాదిలో నాలుగు నెలలు మీతో ఉంటుంది.

స్పీడ్ బ్రేకర్‌ను ఒకసారి నిటారుగా, ఒకసారి ఏటవాలుగా, ఒక్కొక్క చక్రం ఎక్కేలా దాటండి. ఏటవాలుగా దాటినప్పుడే శరీరం మెలిపడుతుంది. అప్పుడు లోపలి అద్దం వణుకుతుందా, డ్యాష్‌బోర్డు కిర్రుమంటుందా, కప్పు అంచుల దగ్గర శబ్దం వస్తుందా అన్నది రేడియో ఆపి వినండి. మన పల్లె రోడ్లపై ఈ వణుకు రోజూ తెలుస్తుంది. ఆ తరువాత అవుటర్ రింగ్ రోడ్డుపై 100 కిలోమీటర్ల వేగంలో కప్పు మూసి, పక్కవారితో మామూలు గొంతుతో మాట్లాడగలుగుతున్నారో లేదో చూడండి. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు నెలలో నాలుగైదు సార్లు 163వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లివచ్చేవారికి రెండున్నర, మూడు గంటల ఆ శబ్దం చిన్న విషయం కాదు.

కప్పు మూసినప్పుడు వెనుక అద్దం ఎంత చిన్నదో, పక్క నుంచి వచ్చే బైకు ఎంతవరకు కనిపిస్తుందో కూడా చూసుకోండి. ఎడమ వైపు నుంచి దూసుకువచ్చే బైకులు ఉన్న ఊళ్లో గుడ్డ కప్పు వెనుక మూల పెద్ద చీకటి.

నేల నుంచి ఎత్తు, మైలేజీ, టైర్ల ఖర్చు వంటివి రెండు రూపాల్లోనూ దాదాపు ఒకటే కనుక వాటిపై సమయం వృథా చేయవద్దు.

సామాను, కాగితాలు, ఖర్చు

మీరు మామూలుగా ఊరికి తీసుకువెళ్లే సంచులనే షోరూంకు తీసుకువెళ్లి డిక్కీలో పెట్టి చూడండి. చాలా కన్వర్టిబుళ్లలో కప్పు తెరిస్తే డిక్కీ చోటు తగ్గుతుంది, కాబట్టి కప్పు తెరిచి ఉంచి కొలవాలి. 718 కేమన్‌లో ముందు 150, వెనుక 275 లీటర్ల చోటు ఉంటే, బాక్‌స్టర్‌లో ముందు అంతే ఉన్నా వెనుక 125 లీటర్లే.

బీమా విషయంలో ఏజెంటును రాతపూర్వకంగా అడగవలసిన మాట ఒకటి ఉంది. మామూలు సమగ్ర పాలసీలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాల మార్పిడి ఖర్చులో 50 శాతం తరుగుదల కింద కోసేస్తారు, అద్దానికి కోత ఉండదు. గుడ్డ కప్పును వారు ఏ కోవలో వేస్తారో, దానికి జీరో డిప్రిసియేషన్, అంటే తరుగుదల కోయకుండా చెల్లించే అదనపు కవరు, వర్తిస్తుందో లేదో పాలసీ తీసుకోకముందే తెలుసుకోవాలి. వరంగల్ లోతట్టు కాలనీలు 2020లో, మళ్లీ 2023లో మునిగిన సంగతి గుర్తుంచుకొని, ఏ రూపం కొన్నా ఇంజన్ రక్షణ కవరు తీసుకోండి. లైఫ్ ట్యాక్స్ కారు ధరలో శాతంగా లెక్కిస్తారు కాబట్టి, రెండు రూపాల మధ్య ధర తేడా రిజిస్ట్రేషన్ దగ్గర ఇంకొంచెం పెరుగుతుంది. ఆన్ రోడ్ ధరలను పక్కపక్కన పెట్టి చూడండి.

718 పెట్రోల్ కార్ల తయారీ 2025లో ముగిసింది కనుక, అవి కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాలి. పాత ఓపెన్ టాప్ కారును చూసేటప్పుడు ముందుగా కార్పెట్ ఎత్తి చేయి పెట్టండి, తడి వాసన వస్తే వెనక్కి రండి. కప్పును వరుసగా మూడుసార్లు తెరిచి మూయించండి. సగంలో తడబడితే ధర తగ్గించమని అడగడం కంటే ఆ కారును వదిలేయడమే మేలు.

చుట్టూ ఉన్న మనుషులను కూడా లెక్కలోకి తీసుకోండి

ఓపెన్ టాప్ కారు వరంగల్‌లో కనిపిస్తే చౌరస్తాలో ఫోన్లు లేస్తాయి, పిల్లలు చేతులు ఊపుతారు. ఇది కొందరికి సంతోషం, కొందరికి ఇబ్బంది. మీ ఇంట్లోవారు, ముఖ్యంగా పక్క సీట్లో కూర్చునేవారు, అందరూ చూస్తుండగా ప్రయాణించడానికి ఇష్టపడతారా అని ముందే అడగండి. వారు వద్దంటే కప్పు తెరిచే గంటలు సగానికి పడిపోతాయి.

పెళ్లిళ్ల కాలంలో బరాత్‌కు కారు ఇవ్వమని బంధువులు తప్పక అడుగుతారు. కాదనడం కష్టమే, కానీ ఊరేగింపులో పెళ్లికొడుకును మడిచిన కప్పు మూత మీద కూర్చోబెడతారు, మనుషుల బరువు మోయడానికి ఆ మూతను తయారుచేయలేదు. పైగా టపాసుల నిప్పురవ్వ ఒక్కటి చాలు గుడ్డకు, సీటుకు. కారు ఇంటికి రాకముందే, బరాత్‌కు ఇవ్వను అన్న మాటను మేనమామకైనా, బావకైనా ఒకేలా చెప్పగలరో లేదో ఆలోచించుకోండి. చెప్పలేననుకుంటే కూపే తీసుకోండి, దానిని పూలతో అలంకరించి ముందు నడిపించవచ్చు.

నిర్ణయం, ఆ తరువాత మొదటి రోజు

నోటుపుస్తకంలో గంటలు, నిలపడానికి తలుపున్న గ్యారేజీ, ఇంట్లోవారి ఇష్టం అన్న మూడూ ఉంటే ఓపెన్ టాప్ తీసుకోండి, వెనుకాడవద్దు. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కూపే తీసుకోండి. ఇంట్లో ఇంకో కారు లేకుండా ఇదొక్కటే కారు అయితే కూడా నా సలహా కూపేనే. రేస్ ట్రాక్‌పై నడపాలన్న కోరిక ఉన్నవారికీ అదే వర్తిస్తుంది, బిగువైన శరీరం మలుపుల్లో చెప్పే మాట స్పష్టంగా ఉంటుంది.

ఓపెన్ టాప్ తీసుకున్నవారు డెలివరీ రోజున, షోరూం గేటు దాటకముందే, కప్పు మూసి పైన రెండు బకెట్ల నీరు నెమ్మదిగా పోయించి, ఆ నీరు అడుగున ఏ రంధ్రాల నుంచి బయటికి వస్తుందో వంగి చూడండి. ఆ చోట్లను ఫోటో తీసుకోండి, వానాకాలంలో మీరు శుభ్రం చేయవలసినవి అవే. మోటారు పనిచేయకపోతే కప్పును చేత్తో మూసే పద్ధతి చాలా కార్ల మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మీ కారుకు అది ఉంటే, దానిని మెకానిక్ చేత చేయించి చూడటంతో సరిపెట్టకుండా, మీరే ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చేసి, అందుకు కావలసిన పనిముట్టు కారులో ఎక్కడ ఉందో చూసుకున్న తరువాతే వరంగల్ దారి పట్టండి.